ఘాట్ ఎక్కడం వచ్చింది, ఇక గుంపులో తొక్కడం నేర్చుకో

చిరంజీవి చిన్నికి,

జయపురం నుంచి పెదనాన్న ఆశీస్సులు. మీ నాన్న ఫోన్ చేశాడు. ఇంటర్ అయ్యాక సైకిల్ రేసులే నీ దారి అంటున్నావట, తేలికైన కార్బన్ రేసు సైకిల్ కొనమని పట్టుబడుతున్నావట. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కితే నిన్ను అందుకునేవాడు పొట్టంగిలో లేడని కూడా చెప్పాడు, గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు. నాకూ సంతోషమే. కాళ్లూ ఊపిరీ నీకున్నాయి. సైకిల్ మాత్రం ఇప్పుడే కొనొద్దని నేనే చెప్పాను. నా మీద కోపం వస్తే రానీ, కారణం మాత్రం విను.

రోడ్డు రేసులో అసలు శత్రువు గాలి. చదునైన రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతుంటే నీ బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందున్న చక్రం వెనక దగ్గరగా దూరితే దాదాపు మూడో వంతు బలం మిగులుతుంది, గుంపు మధ్యలో ఇంకా ఎక్కువ. అందుకే ఒంటరిగా నీకంటే నెమ్మదిగా ఘాట్ ఎక్కే అమ్మాయి కూడా రేసులో నిన్ను ఓడించగలదు. నువ్వు వంద కిలోమీటర్లు గాలికి ఎదురు తొక్కి అలసిపోతావు, ఆమె చివరి కిలోమీటరు దాకా దాక్కుని వస్తుంది.

ఆ విద్య ఇంట్లో కూర్చుంటే రాదు. మా దగ్గర కుర్రాళ్లు ఆదివారం తెల్లవారగానే బొరిగుమ్మ మీదుగా నబరంగ్‌పూర్ వైపు తొక్కుతారు. నువ్వు శనివారమే వచ్చి మా ఇంట్లో ఉండు. మొదట అర మీటరు ఎడంతో మొదలుపెట్టు, భయం పోయాక జానెడుకి దగ్గరపడు. నీ ముందు చక్రాన్ని ఎదుటివాడి వెనక చక్రం పక్కకు ఎప్పుడూ చొప్పించకు. రెండూ తగిలితే పడేది వెనకవాళ్లే. ఉన్నట్టుండి బ్రేక్ పట్టకు, తొక్కడం ఆపి కాస్త ఒళ్లు నిటారుగా ఎత్తితే గాలే నిన్ను ఆపుతుంది. గుంత కనిపిస్తే చేత్తో చూపించి కేక వెయ్, వెనకవాళ్లకు నువ్వే కళ్లు. పక్కగాలి వీస్తే నేరుగా వెనక ఉండి లాభం లేదు, గాలి తగలని వైపు ఏటవాలుగా జరగాలి. ఇవన్నీ నువ్వు ఆలోచించకుండా నీ ఒంటికి వచ్చేయాలి. అప్పుడు సైకిల్ సంగతి మీ నాన్నతో నేనే మాట్లాడతాను.

సుంకి ఘాట్ దిగేటప్పుడు టైము చూసుకోవడం ఈ రోజే మానెయ్. రాయపూర్, విశాఖల మధ్య తిరిగే లారీలు ఆ మలుపుల్లో సగం రోడ్డు తీసుకుంటాయి. దిగడంలో గెలిచేది మూసేసిన రేసు రోడ్ల మీద, అక్కడ కాదు.

తిండి విషయం పెద్దమ్మ రాయమంది. బరువు తగ్గితే ఘాట్ ఇంకా తేలిక అవుతుందని నువ్వు రాత్రి అన్నం మానేస్తున్నావట. వద్దమ్మా. ఖర్చయ్యేదానికంటే తక్కువ తింటూ పోతే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. అది ఫిట్‌నెస్ అనుకుని పాడైన అమ్మాయిలు చాలామంది ఉన్నారు. నెల తప్పితే దాచకుండా పెద్దమ్మకు చెప్పు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్తుంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ రెండు గంటలు దాటి తొక్కే రోజు గంటకు రెండు అరటిపళ్లు, కాస్త బెల్లం జేబులో ఉండాలి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. ఎవరో ఇచ్చిన పొడులు, పేరు తెలియని మందులు ముట్టుకోకు. డోపింగ్ పరీక్షలో నీ ఒంట్లో ఏది దొరికినా నువ్వే బాధ్యురాలివి, తెలియదన్న మాట ఆదుకోదు.

ఇక బతుకుతెరువు. ఇంట్లో తెలుగు మాట్లాడినా మనం ఒడిశా వాళ్లం, రాష్ట్ర ఎంపికలకు నువ్వు ఒడిశా తరఫునే వెళ్లాలి. జాతీయ పోటీల్లో పేరొస్తే రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి దారి ఉంది. నేను అలా వచ్చినవాణ్ణే, ఆ జీతంతోనే పదేళ్లు నిశ్చింతగా తొక్కాను. డిగ్రీ మాత్రం మానకు. యూరప్ కల నాకు తెలుసు. అక్కడ పైస్థాయి మహిళల జట్లకు కూడా కనీస జీతం నియమం 2020లో గాని రాలేదు. కింది జట్లలో జీతం లేకుండా తొక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జీతమున్న చోట కూడా చాలామంది పని నీళ్ల సీసాలు అందించడం, జట్టు నాయకురాలికి గాలి అడ్డుకోవడం. అది చిన్న పని అనుకోకు. ఫ్రాన్స్‌లో రోజుల తరబడి సాగే పెద్ద రేసు టూర్ ద ఫ్రాన్స్ గెలిచినవాళ్లు బహుమతి డబ్బు జట్టుకు పంచే ఆనవాయితీ అందుకే ఉంది.

కల మానుకోమని నేను అనను. మారిషస్ అనే చిన్న ద్వీపం నుంచి వచ్చిన కిమ్ లె కోర్ 2025లో బెల్జియంలో జరిగే లీజ్-బాస్తోన్-లీజ్ రేసు గెలిచింది, అదే ఏడాది మహిళల టూర్ ద ఫ్రాన్స్‌లో అందరికంటే ముందున్నవాళ్లు వేసుకునే పసుపు జెర్సీ వేసుకుంది. ముందు ఒకసారి యూరప్ వెళ్లి, వెనక్కి వచ్చి, మౌంటెన్ బైక్ తొక్కి మళ్లీ వెళ్లిన మనిషి ఆమె. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. నీకు పదిహేడు. ఈ ఏడాదే అంతా తేలిపోవాలన్న టెన్షన్ పెట్టుకోకు.

వచ్చే శనివారం కొరాపుట్ దాకా బస్సులో రా, సైకిల్ పైన కట్టించు. పోయిన నెల పడ్డప్పుడు పెట్టుకున్న హెల్మెట్ మళ్లీ వాడకు, పగులు బయటికి కనిపించకపోయినా లోపల దెబ్బతిని ఉంటుంది. కొత్తది ఇక్కడ కొని ఉంచుతాను, తల చుట్టుకొలత టేపుతో కొలిచి పెద్దమ్మకు ఫోన్‌లో చెప్పు.

మీ పెదనాన్న