గడ్డ తగ్గుతోంది, మళ్లీ లేస్తోంది

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె. మా ఆయన జూట్ మిల్లులో పని చేస్తారు. సంక్రాంతి నుంచి ఆయనకు తొడల మీద, చంకలో నెలకో సెగగడ్డ లేస్తోంది. ఇంజక్షన్ వేయిస్తే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఇప్పుడు మా పెద్దమ్మాయికీ మొదలైంది. వేడి చేసిందని మా అత్తగారు ఇంట్లో మామిడిపండ్లు మాన్పించేశారు. ఏం చెయ్యాలి డాక్టర్‌గారూ?

జవాబు: మామిడిపండు తప్పేం లేదమ్మా. ఈ గడ్డలకు కారణం ఎక్కువగా స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా. సుమారు పది మందిలో ముగ్గురి ముక్కులో అది ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. ముక్కులో పెట్టిన వేలితోనే తొడ గోక్కుంటే, చెమటకు ఒరుసుకున్న చోట వెంట్రుక కుదుట్లోకి దిగి చీము పట్టిస్తుంది.

విజయనగరంలో నా దగ్గరికి ఇలాగే ఒక కుటుంబం వచ్చేది. నలుగురికీ గడ్డలే. మూడుసార్లు మందులు రాశాక గానీ "ఇంట్లో తువ్వాళ్లు ఎన్నమ్మా?" అని అడగాలని నాకు తట్టలేదు. ఆ బాధ నాకింకా ఉంది. నూతి దగ్గర మేకుకు ఒకటే తువ్వాలు, పొద్దున తడిస్తే సాయంత్రానికీ ఆరేది కాదట.

అందుకే మనిషికో తువ్వాలు, మనిషికో సబ్బు పెట్టండి. తువ్వాళ్లు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి మంచి ఎండలో ఆరేయండి. మిల్లు నుంచి రాగానే ఆయన్ని స్నానం చెయ్యమనండి, పని బట్టలతో మంచమెక్కనివ్వకండి. ముక్కులో రాసుకునే ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ ఒకటుంది. రోజుకు రెండుసార్లు, 5 రోజులు. డాక్టరు రాస్తే ఇంటిల్లిపాదీ ఒకేసారి వాడాలి, ఒక్కరే వాడితే మళ్లీ మొదటికొస్తుంది.

గడ్డ సలుపుతున్నప్పుడు ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో శుభ్రమైన గుడ్డ ముంచి 10 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. సున్నం, బెల్లం పట్టు వెయ్యొద్దు, చర్మం కాలుతుంది. పిండొద్దు. పెద్ద గడ్డయితే డాక్టరే కోసి చీము తియ్యాలి. ఆ చీమును కల్చర్ పరీక్షకు పంపమని అడగండి. ఆ బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో అందులో తెలుస్తుంది. అది తెలియకుండా ప్రతిసారీ ఇంజక్షన్ వేయించుకుంటే మందులకే లొంగకుండా పోతుంది.

ఇంకొకటి, ఆయనకు పరగడుపున షుగర్ పరీక్ష తప్పకుండా చేయించండి. 126, ఆపైన వస్తే మళ్లీ ఒకసారి చూపించి నిర్ధారించుకోవాలి. షుగర్ అదుపులో లేనివాళ్లకు గడ్డలు ఇలాగే వదలవు.

మీ అమ్మాయికి ఎక్కడ లేచిందో రాయలేదు. ముక్కు పక్కనో పై పెదవి మీదో అయితే దాన్ని ముట్టుకోనివ్వకండి. జ్వరమొచ్చినా, కంటి చుట్టూ వాచినా ఇక ఆగొద్దు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.