ఆడ బెట్టాలు కొట్టుకుంటుంటే: సమాధానం

ఒంగోల్లో తమ 40 లీటర్ల ట్యాంకులో మూడు ఆడ బెట్టాలు (ఫైటర్ చేపలు) కొట్టుకుంటున్నాయని, ఒకదాని తోక చిరిగిందని, ఏం చేయాలని ఒకరు అడిగారు. కారణం చేపలు మూడే ఉండటం! తక్కువ చేపలుంటే బలమైనది బలహీనమైనదాన్నే పట్టుకుని తరుముతుంది.

1. గాయపడినదాన్ని ఇవాళే విడిగా పెట్టండి.

2. కనీసం 80 లీటర్ల ట్యాంకు, ఒకే వయసువి ఐదారు చేపలు కావాలి.

3. చాలామంది మరచిపోయేది ఇదే: కొత్తవాటిని పాతవాటి మధ్యకు వదలకండి. పాతవాటినీ బయటికి తీసి, రాళ్లు, మొక్కల చోట్లు పూర్తిగా మార్చి, అన్నింటినీ ఒకేసారి వదలండి. పాత హద్దులు చెరిగితేనే పోరు తగ్గుతుంది. ఈ మూల నుంచి ఆ మూల కనపడనంత దట్టంగా మొక్కలుండాలి.

4. నీళ్లు 25–27 డిగ్రీలు. రోహిణీ కార్తెలో ట్యాంకును కిటికీకి దూరంగా జరపండి.

వారం తర్వాతా ఒకటి ఊరుకోకపోతే దాన్ని ఇక ఒంటరిగానే ఉంచండి. కొన్ని ఎప్పటికీ కలవవు.