క్రియాటినిన్ నార్మలే అన్నారు, మరి యూరిన్ బ్యాగ్ దగ్గర ఆ సెన్సర్ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు, బరువు 70 కిలోలు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. న్యుమోనియా వస్తే హైదరాబాద్‌లోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. బీపీ పడిపోయిందని ఐసీయూలో పెట్టారు. యూరిన్ బ్యాగ్ దగ్గర చిన్న డబ్బా లాంటిది బిగించారు. అది అల్ట్రాసోనిక్ సెన్సర్ అని, కిడ్నీలను గంటగంటకూ కనిపెడుతుందని చెప్పారు. క్రియాటినిన్ మొన్న 0.8, నిన్న 1.2 వచ్చింది. రిపోర్టులో నార్మల్ అనే ఉంది. డాక్టర్లు మాత్రం కిడ్నీ దెబ్బతింటోందని అంటున్నారు. ఆ సెన్సర్ నిజంగా కిడ్నీని చూస్తుందా? రేడియేషన్ ఏమైనా ఉంటుందా? ఇంటికి వెళ్లాక మేమూ ఒకటి కొనుక్కోవాలా? డయాలసిస్ దాకా వెళ్తుందేమోనని అమ్మ భయపడుతోంది.
– ఓ పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ఆ డబ్బా మీ నాన్నగారి కిడ్నీని చూడటం లేదండీ. కిడ్నీలో తయారై, క్యాథెటర్ గొట్టం గుండా బయటికొచ్చిన మూత్రం ఎంతో కొలుస్తోంది, అంతే. ఆ శబ్దం ఆయన ఒంట్లోకి వెళ్లదు కూడా. అల్ట్రాసౌండ్ అంటే సెకనుకు 20,000 కంపనాలు దాటిన, మన చెవికి అందని శబ్దం. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో ఉండే రేడియేషన్ ఇందులో లేదు. ఆ బెంగ పెట్టుకోకండి.

ఇది పనిచేసే తీరు మీకు తెలియనిదేమీ కాదు. చాలా అపార్ట్‌మెంట్లలో వాటర్ ట్యాంకు మూత కింద లెవెల్ సెన్సర్ బిగిస్తున్నారు. అదీ, కారు వెనక్కి తీసేటప్పుడు కుయ్ కుయ్‌మనేదీ, ఇదీ ఒకే జాతి. పైనుంచి శబ్దం పంపుతుంది. అది ద్రవం ఉపరితలానికి తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి ఎత్తు లెక్కగడుతుంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. అంటే ఒక సెంటీమీటరు దూరం వెళ్లి రావడానికి సెకనులో లక్షో వంతులు ఆరు కూడా పట్టవు. ఆ కాస్త తేడాను పట్టుకుని, మూత్రం చేరే పాత్ర కొలతలతో కలిపి, ఇన్ని మిల్లీలీటర్లు అని తేలుస్తుంది. అన్ని మీటర్లూ ఇలాగే ఉండవు. శబ్దం జోలికి పోకుండా బరువు తూచి చెప్పేవీ ఉన్నాయి. మీరు చూడాల్సింది పరికరాన్ని కాదు, గంటకు ఎంత వస్తోందన్న ఆ అంకెను.

ఆ అంకె కోసం ఇంత తాపత్రయం ఎందుకంటే, క్రియాటినిన్ ఆలస్యంగా మాట్లాడుతుంది. కండరాల నుంచి రోజూ పుట్టే వ్యర్థం అది. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో దాదాపు అంతా ఒంటికే తిరిగిచ్చేసి, లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా వదులుతాయి. ఆ వడపోత మందగించిన రోజే రక్తంలో క్రియాటినిన్ ఎగబాకదు. మన కాలనీకి చెత్త ఆటో రావడం మానేస్తే మొదటిరోజు ఎవరికీ తెలియదు కదా, మూడోరోజుకి వాసన మొదలవుతుంది. ఇదీ అంతే. కిడ్నీకి దెబ్బ తగిలిన ఒకటి రెండు రోజులకుగానీ రక్తపరీక్షలో స్పష్టంగా కనపడదు. మూత్రం మాత్రం చాలాసార్లు కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. బీపీ పడిపోయిన మనిషికి ఆ కొన్ని గంటలే విలువైనవి. సెలైన్ పెంచాలా, బీపీ మందు మార్చాలా, కిడ్నీని ఇబ్బందిపెట్టే యాంటీబయోటిక్ ఆపాలా అన్నది అప్పుడే తేల్చుకోవాలి.

ఇక 'నార్మల్' సంగతి. ల్యాబ్ రిపోర్టులో పక్కన అచ్చువేసే రేంజి అందరికీ కలిపి వేసింది, మీ నాన్నగారి కోసం వేసింది కాదు. 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, వారంలోపు ఒకటిన్నర రెట్లయినా దాన్ని అక్యూట్ కిడ్నీ ఇంజురీ, అంటే కిడ్నీకి హఠాత్తుగా తగిలిన దెబ్బ అనే అంటాం. కిడ్నీ వైద్యంలో ప్రపంచమంతా వాడే కేడీఐజీఓ మార్గదర్శకాలు 2012 నుంచి చెబుతున్నది ఇదే. మీ నాన్నగారికి 0.8 నుంచి 1.2 అయింది. పెరిగింది 0.4, సరిగ్గా ఒకటిన్నర రెట్లు. రిపోర్టులో ఎర్ర అక్షరం పడకపోయినా మీ డాక్టర్లు చెప్పింది నిజమే. అదే మార్గదర్శకాల్లో మూత్రానికీ ఒక గీత ఉంది. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు. 70 కిలోల మనిషికి 35 మిల్లీలీటర్లు. వరసగా ఆరుగంటలు అంతకంటే తక్కువ వస్తే కిడ్నీ దెబ్బలో మొదటి దశ, పన్నెండు గంటలు దాటితే రెండోది. అందుకే రోజు మొత్తానికి లీటరు వచ్చింది కదా అని ఊరుకోకుండా గంటగంటకూ చూస్తారు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో ఈ లెక్కంతా గీతలున్న ప్లాస్టిక్ జార్‌తోనే. ఇద్దరు సిస్టర్లు, పాతికమంది పేషెంట్లు. తెల్లారి రౌండ్స్‌కి వెళితే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్ట్‌లో రాత్రంతా 50, 50, 50 అని ఒకే పెన్నుతో, ఒకే వాలుతో రాసి ఉండేది. వాళ్లను తప్పుపట్టలేను, ఏ కిడ్నీ అయినా అంత క్రమశిక్షణతో ఉంటుందా చెప్పండి! రాత్రి మూడింటికి కూడా కునుకు తీయకుండా రాసుకునే మీటర్ వస్తే నేను సంతోషించింది అందుకే. సిస్టర్‌ని తీసేసి మీటర్ పెడతామంటే మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే మీటర్ పొరపడుతుంది. బ్యాగ్ పక్కకి ఒరిగినా, లోపల నురగ కట్టినా, ఎవరైనా తగిలి కదిపినా శబ్దం తిరిగొచ్చే దారి మారి అంకె తేడా వస్తుంది. గొట్టం మడతపడితే సున్నా చూపిస్తుంది, కిడ్నీ పాపం పనిచేస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు పొత్తికడుపు మీద జెల్ రాసి బ్లాడర్ స్కాన్ చేస్తారు. అదీ అల్ట్రాసౌండే, ఈసారి నిజంగానే ఒంట్లోకి వెళ్లేది. మూత్రాశయం నిండుగా ఉంటే సమస్య గొట్టంలో, ఖాళీగా ఉంటే పైన. క్యాథెటర్ తీసేశాక మూత్రం రాకపోయినా ఇదే పరీక్ష. 67 ఏళ్ల మగవారిలో ప్రోస్టేట్ అడ్డుపడటం మామూలే.

మీ నాన్నగారి విషయంలో ఇంకో మెలిక ఉంది, షుగర్. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే అది మూత్రంలోకి పోతూ నీటిని వెంట లాక్కుపోతుంది. మీటర్ మీద గంటకు వంద కనపడి, అందరూ హమ్మయ్య అనుకుంటారు, లోపల మనిషి ఎండిపోతుంటాడు. లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చిన తర్వాతి గంటలూ అంతే, అది మందు తెప్పించిన మూత్రం. కొందరికి మూత్రం ధారాళంగా వస్తూనే క్రియాటినిన్ పెరుగుతుంది. కాబట్టి అంకెను షుగర్‌తో, బీపీతో, ఎక్కించిన సెలైన్‌తో కలిపి చదవాలి. ఇంటర్‌నెట్‌లో చూసి 35కి ఒకటి తగ్గిందని సిస్టర్‌తో గొడవపడే కొడుకులనూ చూశాను. మీరు ఆ పని చేయరనుకుంటాను.

విజిటింగ్ టైమ్‌లో లోపలికి వెళ్లినప్పుడు గొట్టం ఆయన తొడ కింద నలగలేదు కదా అని చూడండి. బ్యాగ్ మంచం కంటే కిందుగా వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. ఏదైనా తేడా కనిపిస్తే మీరు ముట్టుకోకుండా సిస్టర్‌కి చెప్పండి. రోజూ ఒక్క ప్రశ్న అడగండి: క్యాథెటర్ ఇంకా అవసరమా? అది ఒంట్లో ఉన్న ప్రతిరోజూ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. మీటర్ మంచి లెక్క చెబుతోంది కదా అని గొట్టాన్ని అదనంగా ఒక్కరోజు ఉంచడం కూడా నాకు ఇష్టం ఉండదు.

ఇంటికి సెన్సర్ కొనకండి. క్యాథెటర్ లేని మనిషికి దానితో పనే లేదు. మీ డాక్టర్ కొలవమంటే గీతలున్న మగ్గు చాలు, కిరాణా కొట్టుకి వెళ్లినంత తేలిక. అంతకంటే పనికొచ్చేది బరువు చూసే మిషన్. రోజూ ఉదయం ఒకే వేళకు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా ఫోన్ చేయండి. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు, ఎవరో ఇచ్చిన పసర్లు, భస్మాలు ఇంట్లో ఉంటే తీసి అవతల పడేయండి. పాత షుగర్, బీపీ మందులు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి రోజే రాయించుకోండి. కొన్నింటిని కిడ్నీ తేరుకునేదాకా ఆపుతారు. మూడు నెలలకు క్రియాటినిన్‌తోపాటు యూరిన్ అల్బుమిన్ (మూత్రంలో పోయే ప్రొటీన్) పరీక్ష తప్పనిసరి. పదిహేనేళ్ల షుగర్ కిడ్నీని ముందే కొంత తినేసిందేమో అప్పుడు తెలుస్తుంది.

అమ్మగారి భయం గురించి. మీరు రాసినదాన్ని బట్టి ఇది మొదటి దశ. న్యుమోనియా తగ్గి, బీపీ నిలబడితే ఈ దశలో చాలామందికి కిడ్నీలు కోలుకుంటాయి. మీటర్ అంకె తగ్గిందని ఎవరూ డయాలసిస్ మొదలుపెట్టరు. పొటాషియం ప్రమాదకరంగా పెరిగి మందులకు లొంగకపోతేనో, ఒంట్లో ఆసిడ్ పేరుకుంటేనో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం తగ్గకపోతేనో ఆ మాట వస్తుంది. ఒకవేళ చేయాల్సి వచ్చినా అది కొద్దిరోజులకే కావచ్చు, జీవితాంతమని కాదు. రేపు డాక్టర్ గారు బయటికి వచ్చినప్పుడు అమ్మగారిని కూడా పక్కన నిలబెట్టుకుని, ఈరోజు క్రియాటినిన్ ఎంత, పొటాషియం ఎంత, గడిచిన ఆరుగంటల్లో మూత్రం ఎంత వచ్చిందో అడగండి. ఆమె ఎదురుగానే చెప్పమనండి.