పాలు ఎందుకు తగ్గాయి? ముందు రిజిస్టరు చూడండి

ప్ర: గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న ఇర్మా (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రూరల్ మేనేజ్‌మెంట్ ఆనంద్)లో రూరల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. ట్రైనీషిప్‌లో భాగంగా చిత్తూరు జిల్లాలో ఒక పాల ఉత్పత్తిదారుల సంస్థలో రెండు నెలలు పనిచేయాలి. ‘పాల సేకరణ ఎందుకు తగ్గుతోంది’ అన్న అంశం ఇచ్చారు. ఎలా మొదలుపెట్టాలి? ఉద్యోగానికి ఇది పనికొస్తుందా?
- ఓ విద్యార్థిని

జ: ‘సేకరణ తగ్గింది’ అనే మాటలో రెండు వేర్వేరు సమస్యలుంటాయి. పాలు పోసేవాళ్లు తగ్గారా, ఒక్కొక్కరు పోసే పాలు తగ్గాయా? మొదటిదైతే బిల్లుల ఆలస్యం, ఫ్యాట్ (పాలలో వెన్న శాతం) లెక్కపై అనుమానం, ప్రైవేటు డెయిరీ ఇచ్చే అడ్వాన్సులు చూడాలి. రెండోదైతే మేత కొరత, పశువులు ఒట్టిపోవడం, అమ్ముకోవడం. ఇది తేలకుండా ఊళ్లమీద పడితే నెల వృథా.

అందుకే మొదటి వారం రిజిస్టర్లకే కేటాయించండి. సభ్యులవారీగా 24 నెలల లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగతా ఘనపదార్థాలు), చెల్లింపు తేదీలు ఎక్సెల్‌లోకి ఎక్కించండి. ఈ మే నెలను నిరుటి మే నెలతోనే పోల్చాలి. జనవరితో పోలిస్తే ఎండాకాలపు మామూలు తగ్గుదలే పెద్ద సంక్షోభంలా కనిపిస్తుంది.

తర్వాత ఇళ్లకు వెళ్లండి. 40 కుటుంబాలు చాలు. సగం ఇప్పుడు పోస్తున్నవాళ్లు, సగం మానేసినవాళ్లు. పేర్లు మీరే రిజిస్టరు నుంచి వరసలో ప్రతి అయిదో పేరు చొప్పున తీసుకోండి. కార్యదర్శికి వదిలేస్తే తనకు కావాల్సినవాళ్ల ఇళ్లకే తీసుకెళ్తాడు, మానేసినవాళ్ల గడప తొక్కనివ్వడు. ప్రశ్నలు పన్నెండు దాటొద్దు. చాలా ఇళ్లలో పాలు పితికేది, పాల సేకరణ కేంద్రానికి తెచ్చేది ఆడవాళ్లు. సర్వేకు జవాబు చెప్పేది మగవాళ్లు. ఆడవాళ్లతో విడిగా మాట్లాడకపోతే మీ సమాచారంలో సగం ఊహే.

తెల్లవారుజామున కేంద్రం దగ్గర నిలబడి చూడాల్సిన పని కూడా ఉంది. వెన్న పైకి తేలుతుంది కనుక పాలు బాగా కలపకుండా శాంపిల్ తీస్తే ఫ్యాట్ తప్పుగా వస్తుంది. ఫ్యాట్ కొలిచే మిషన్ సరిగ్గా కడగకపోయినా అంతే. రోజూ రీడింగ్ మారుతుంటే రైతు గొడవపడడు, ఊరుకుని పక్క డెయిరీకి పోస్తాడు. కొన్నాళ్లపాటు కొన్ని శాంపిళ్లను కేంద్రంలోనూ, చిల్లింగ్ సెంటర్ (పాలు చల్లబరిచే కేంద్రం) ల్యాబ్‌లోనూ పరీక్ష చేయించి తేడా రాసుకోండి. అయితే సిబ్బంది దొంగలన్నట్టు మాట్లాడితే ఆ రోజే రిజిస్టర్లు మూసుకుపోతాయి, జాగ్రత్త.

అయిదో వారం చివరికి మీరు కనుక్కున్నవి మేనేజరుకు ఒకసారి చూపించండి. చివరి రోజు బోర్డు ముందు కొత్త విషయం బయటపెడితే వాళ్లు సమర్థించుకోవడానికే చూస్తారు. సిఫార్సులు మూడు చాలు. ఒక్కోదానికి ఖర్చెంత, చేసేదెవరు, ఎప్పటికల్లా అన్నది తెలుగులో ఒక పేజీలో ఇవ్వండి. ‘అవగాహన కల్పించాలి’ లాంటివి రాయకండి, వాటిని ఎవరూ అమలు చేయరు. నివేదికలో రైతుల పేర్లు వద్దు.

ఇక ఉద్యోగం సంగతి. 1979లో పాల విప్లవ పితామహుడు వర్గీస్ కురియన్ ఇర్మాను స్థాపించిందే ఇలాంటి సంస్థలకు మేనేజర్లను అందించడానికి. కాబట్టి ఉద్యోగులను ఎంచుకోవడానికి అక్కడికి వచ్చే సంస్థలకు ట్రైనీషిప్ కొత్త కాదు. ‘పాల సేకరణపై అధ్యయనం’ అన్న లైను రెజ్యూమెలో తేలిపోతుంది. మానేసినవాళ్లలో ఎందరు ఏ కారణం చెప్పారు, మీ సూచనల్లో సంస్థ ఏది అమలుచేసింది అన్నవి అంకెలతో రాయండి. ఏదీ అమలుకాకపోతే ఎందుకు కాలేదో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు నడిచేది ఆ ప్రశ్న మీదే.