మందు ఒకటే, నట్టలు ఒకటే... కొన్ని ఎందుకు చావవు?

ప్రశ్న: మాకు 60 గొర్రెలున్నాయి. ఏటా మే నెలలో అన్నింటికీ ఆల్బెండజోల్ తాగిస్తాం. ఈమధ్య తాగించిన కొద్ది రోజులకే కొన్నింటికి దవడ కింద నీరు దిగుతోంది. మందు నకిలీదా? వేరే జాతి నట్టలు వచ్చాయా?
– ఒక పెంపకందారు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: రెండూ కాకపోవచ్చు. మీరు చెప్పిన లక్షణం ఎక్కువగా రక్తం పీల్చే హీమాంకస్ నట్టలది. కాలేయాన్ని పట్టే జలగ వ్యాధిలోనూ కనిపిస్తుంది కాబట్టి పేడ పరీక్ష తప్పనిసరి. హీమాంకస్ ఆడ నట్ట రోజుకు 5 వేల నుంచి 10 వేల గుడ్లు పెడుతుంది. అంత సంతతిలో జన్యువుల తేడాలు పుడుతూనే ఉంటాయి. ప్రయోగశాలలో సొంత సంతతిలోనే జతకట్టించి పెంచిన ఐఎస్ఈ అనే రకంలోనూ ఆ వైవిధ్యం పోలేదు.

ఆల్బెండజోల్ నట్టలోని బీటా ట్యూబులిన్ అనే మాంసకృత్తికి అతుక్కుని పనిచేస్తుంది. మాంసకృత్తి అంటే అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల గొలుసు. అందులో 200వ స్థానంలో ఫినైల్‌అలనిన్ అనే ముక్కకు బదులు టైరోసిన్ అనేది ఉంటే మందు సరిగా పట్టదు. ఈ మార్పు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే నట్ట మందును బాగా తట్టుకుంటుంది. ఒక్కరి నుంచే వస్తే సాధారణంగా చస్తుంది. అందుకే ఈ గుణం ఏళ్ల తరబడి మందలో దాగి ఉండి, ఉన్నట్టుండి బయటపడుతుంది.

అసలు చిక్కు మే నెలతోనే. మన ఎండలకు బీడు మీది నట్టల పిల్లలు చాలావరకు మాడిపోతాయి. అప్పుడు మందంతటికీ తాగిస్తే మిగిలేవి మందును తట్టుకున్న నట్టలే. తొలకరికి బీడు నిండా వాటి సంతానమే! కనురెప్ప లోపల ఎర్రగా ఉండి, కండపట్టిన పెద్ద గొర్రెలను పదింటికి ఒకటి రెండు చొప్పున తాగించకుండా వదలండి. వాటిలోని నట్టలు మందుకు లొంగే గుణాన్ని మందలో నిలుపుతాయి.

ముందు మోతాదు సరిచూడండి. కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు, 2.5 శాతం ద్రావణమైతే 30 కిలోల గొర్రెకు 9 మిల్లీలీటర్లు. కంటి అంచనా వద్దు, తూకం వేయండి. సీసా అడుగున మందు పేరుకుంటుంది, బాగా కుదపండి. చూడు కట్టిన తొలి నెలలో ఈ మందు వద్దు.

తర్వాత 10 నుంచి 15 గొర్రెలకు గుర్తు పెట్టి, తాగించే రోజున ఒకసారి, 10–14 రోజులకు మరోసారి మలద్వారం నుంచే పేడ తీసి పశువైద్యశాలకు పంపండి. వేడిలో ఉంచితే ఒక్క రోజులోనే గుడ్లు పొదుగుతాయి, లెక్క తప్పుతుంది. గ్రాముకు సగటున 1000 గుడ్లున్నవి 300 అయితే తగ్గుదల 70 శాతమే. ఈ తగ్గుదల 95 శాతం కన్నా తక్కువైతే నట్టలు మందును తట్టుకుంటున్నాయన్నమాటే. అప్పుడు వైద్యుల సలహాతో లెవమిసోల్ లేదా క్లోసాంటెల్‌కు మారాలి. క్లోసాంటెల్ మోతాదు మించితే గొర్రెల చూపు పోతుంది, జాగ్రత్త.