పల్లె సంఘంలో కొత్తగా ఏదైనా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వందనాలు బ్రదర్. చంద్రగిరి దగ్గర చిన్న సంఘంలో సండే స్కూల్, యూత్ రెండూ మీ మీదే పడ్డాయని రాశారు. పాటలు, వాక్యం, ప్రార్థన ఎప్పుడూ అదే వరసలో నడుస్తుంటే పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారని, నాటకం వేద్దామంటే పెద్దలు "చర్చీని సినిమా హాలు చేస్తారా" అన్నారని, చేతిలో డబ్బు కూడా లేదని చెప్పారు. అసలు నాకే సృజనాత్మకత లేదేమోనని టెన్షన్ పడుతున్నారు. నేను చిత్తూరు దగ్గర పల్లెలో టైలరింగ్ చేస్తాను. 16 ఏళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ చూస్తున్నాను. నా అనుభవంలో తెలిసింది చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. మొదట్లో క్రిస్మస్ అంటే మాకు అద్దె డ్రెస్సులు, దూదితో చేసిన మంచు, ముందే రికార్డు చేసిన డైలాగులు. పిల్లలు స్టేజీ మీద పెదవులు కదిపితే చాలు. ఒక ఏడాది ఇంటింటికీ తిరిగి 9,000 రూపాయలు చందా వేసుకుని చేశాం. సగంలో కరెంటు పోయింది, రికార్డు ఆగిపోయింది. మరియ వేషం వేసిన పాప, యోసేపు వేషం వేసిన పిల్లోడు అట్లాగే నిలబడి నా ముఖం చూస్తున్నారు. వాళ్ల నోట్లో ఒక్క మాట లేదు. నేను నేర్పనే లేదు కదా. ఆ పాప ఏడ్చేసింది. రెండు నెలలు రిహార్సల్ చేసిన పిల్లల లోపలికి ఆ కథ వెళ్లనే లేదని నాకు ఆ చీకట్లో అర్థమైంది. దూది మంచు మా ఊరికి ఏం సంబంధం? డిసెంబరు అంటే మాకు పొద్దున్నే పొగమంచు, గానుగ దగ్గర బెల్లం కాగే వాసన.

తర్వాతి ఏడాది లూకా 15లో తప్పిపోయిన గొర్రె పాఠం వచ్చింది, వంద గొర్రెల్లో తప్పిపోయిన ఒక్కదాని కోసం కాపరి వెతుక్కుంటూ పోయే కథ. చార్టు మీద యేసయ్య ఒక చిన్న తెల్ల గొర్రెపిల్లను గుండెకు హత్తుకుని ఉన్నాడు. మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చిన ఒక తాత గుమ్మం దగ్గర నిలబడి ఆ బొమ్మ చూశాడు. జీవితమంతా గొర్రెలు మేపిన మనిషి, చదువు రాదు.

"ఏమ్మా, గొర్రెను అట్లనా ఎత్తుకునేది?" అన్నాడు.

మరి ఎట్లా తాతా అని అడిగితే, భుజం మీద గొంగళి తీసి చుట్ట చుట్టి మెడ వెనక వేసుకున్నాడు. రెండు కొసలు ముందుకు లాగి ఒక్క చేతిలో పట్టుకున్నాడు. "నాలుగు కాళ్లూ ఈ చేతిలోకి రావాల. ఆ చెయ్యి కట్టెకు కావాల గదా. పెద్ద గొర్రె ముప్పై కిలోలు తూగుతాది. మైలు దూరం మోస్తే మెడ పట్టేస్తాది." మోయడం ఎందుకు, తోలుకుని రావచ్చు కదా అని ఒక పిల్లోడు అడిగాడు. "ఒంటిదయిపోయిన గొర్రె బెదిరిపోతాది నాయనా. కొంచేపు అరిచి ఏ కంప కిందో ముడుచుకుంటాది. పిలిచినా లేయదు. మోసుకునే రావాల." ఇంకో పాప అడిగింది, మరి మిగతా తొంభై తొమ్మిది ఎట్లా అని. తాత కొంచెం ఆగి, "ఇంకో మనిషి ఉంటే అప్పజెప్పి పోతాం. లేకుంటే భయమే. అయినా పోతాం" అన్నాడు.

ఆ గదిలో ఒక్కరూ కదల్లేదు. కాపరి గొర్రెను భుజాల మీద వేసుకున్నాడని, అది కూడా సంతోషంతో వేసుకున్నాడని నేను ఎన్నోసార్లు చదివాను. ఆ సంతోషం మెడ మీద ముప్పై కిలోల బరువుతో నడిచిన మనిషిదని ఆ రోజే నాకు తట్టింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇదే. పాఠంలో ఏ పని ఉందో చూస్తాను. ఆ పని చేసే మనిషి మా సంఘంలో ఎవరున్నారో వెతికి, వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుంటాను. బండ మీద కట్టిన ఇంటి పాఠానికి మేస్త్రీ దొరికాడు. పిండిని పొంగించే పులుపు గురించి ఇడ్లీ అంగడి అక్క చెప్పింది.

మత్తయి 20లో కూలివాళ్ల కథ చేసినప్పుడు జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. మా చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. జూన్, జూలైలో తోతాపురి కాయ దిగితే కూలి పని దొరుకుతుంది, తర్వాత కష్టం. యూత్ పిల్లలు ఆ కథను మన కూడలిలో జరిగినట్టు వేశారు. డ్రెస్సుల్లేవు, మైకు లేదు, తలగుడ్డలు, క్యారియర్లు అంతే. పదకొండో గంట అంటే సాయంత్రం ఐదు. ఐదింటికి పిలిచినవాళ్లకూ పొద్దున వచ్చినవాళ్లకూ ఒకే కూలి ఇచ్చేసరికి, కూర్చున్న మగవాళ్లలో ఇద్దరు "అదెట్లా న్యాయం" అని పైకే అనేశారు. అప్పుడు వెనక నుంచి ఒక అక్క లేచింది. ఎప్పుడూ నోరెత్తి ప్రార్థన కూడా చేయని మనిషి. "సాయంత్రం దాకా ఎవురూ పిలవకపోతే ఆ పొద్దు ఎంత పొడుగుంటాదో మీకు తెలుసా? ఇంటికి ఏం పట్టుకుపోవాల అనేదే ఆలోచన. పని చేసినోళ్లకు ఆ బాధ లేదు గదా" అంది. మా పాస్టరు అయ్యగారు తాను రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, ఆమె మాట మీదే పది నిమిషాలు మాట్లాడి ప్రార్థన చేశారు.

కాబట్టి మీకు సృజనాత్మకత లేదని బాధపడకండి. మీ సంఘంలో అది నిండుగా ఉంటుంది. దాన్ని అడిగేవాళ్లు కావాలి, ఆ అడిగే పని మీది.

పెద్దల మాటకొస్తే, వాళ్ల భయంలో నిజం ఉంది. మా పిల్లకే మరియ వేషం ఇవ్వాలని తల్లులు పంతం పట్టడం చూశాను. ప్రోగ్రాం మూడు గంటలు సాగి ప్రార్థనకు మూడు నిమిషాలు మిగిలిన రాత్రులూ చూశాను. అందుకని వాదించకండి, బైబిల్ తెరిచి వాళ్లతో కలిసి చదవండి. నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు ప్రవక్త కాడు, రాజు కాడు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, కర్ర మీద పనిచేసే పనివాడు. 35వ అధ్యాయంలో నేతపని, బుటాపని కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి. ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడే ఇచ్చాడని ఉంది. కుట్టుమిషన్ మీద బతికే నాకు ఆ మాటలు చదివిన ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి. యెహెజ్కేలు 4లో దేవుడు ప్రవక్తను ఇటుక మీద యెరూషలేము పట్నం గీయమన్నాడు, ఎడమ పక్క మీద 390 రోజులు, కుడి పక్క మీద 40 రోజులు పడుకోమన్నాడు. దావీదు రాజు తప్పును నాతాను ప్రవక్త నేరుగా ఎత్తిచూపలేదు, పేదవాడి గొర్రెపిల్ల కథతో మొదలుపెట్టాడు. పురుషోత్తమ చౌధురి (1803–1890) వంటి పాత తరం భక్తులు కీర్తనలు కట్టినప్పుడు కూడా మన రాగాలు, మన తాళాలే తీసుకున్నారు. పాత క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి.

ఇంకో సంగతి. మన చిత్తూరు వైపు ధర్మరాజు గుళ్ల దగ్గర మహాభారతం 18 రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. కథ బాగుంటే తెల్లవార్లూ కూర్చునే జనం మనది. అలాంటివాళ్లు ఇరవై నిమిషాల ప్రసంగానికి కునుకుతున్నారంటే చెప్పే తీరు గురించి మనమే ఆలోచించాలని నా అభిప్రాయం.

మొదట్లో ఏడెనిమిది నిమిషాలకు మించి చేయకండి. ఆ వారం వాక్యభాగానికి సంబంధించిందే చేయండి, వారం ముందే అయ్యగారికి చెప్పండి. సినిమా ట్యూన్లు వద్దు, జనం మనసు సినిమా మీదికే పోతుంది. గుడ్ ఫ్రైడేకి రంగునీళ్లతో నెత్తురు చూపించకండి. మా దగ్గర ఒక చిన్న పాప నెలరోజులు నిద్రలో ఉలిక్కిపడింది.

డబ్బు లేకుండా చేసినవాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక బట్ట. శ్రీకాళహస్తి మీకు దగ్గరే. వీలుంటే పిల్లలను తీసుకెళ్లి కలంకారీ పని చూపించండి. గాడా అనే ముతక నూలుబట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరబెడతారు, చింతబొగ్గుతో గీత గీస్తారు, వెదురు కలంతో నల్లరంగు దిద్దుతారు. పాత పద్ధతి బట్టల్లో నడుమ ఒక పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా చిన్న గళ్లలో కథ, కింద తెలుగు అక్షరాలు ఉంటాయి. రామాయణ, భారతాలే కాదు, క్రీస్తు జీవితం వేసిన కలంకారీ బట్టలు కూడా ఉన్నాయి.

మాకు ఆ రంగులు చేతకావు. వీబీఎస్‌లో, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడిలో, నాలుగు మీటర్ల తెల్ల నూలుబట్ట పరిచి, చింతబొగ్గు ఇచ్చి, పిల్లలకు తలా ఒక గడి అప్పజెప్పాను. నడిమి బొమ్మ ఏది వేయాలనే దాని మీద ఒక రోజంతా వాదన. పెద్ద పిల్లలు సిలువ అన్నారు, కొందరు ఖాళీ సమాధి అన్నారు. ఏడో తరగతి పాప ఒకతి యోహాను 21 వేద్దామంది. ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె, శిష్యులు పడవలో రాత్రంతా కష్టపడి వస్తుంటారు కదా, అది. ఎందుకమ్మా అని అడిగితే, "చచ్చిపోయి లేచి వచ్చినంక కూడా వాళ్లకు పొద్దున్నే తిండి రెడీ చేసి పెట్టినాడు కదక్కా" అంది. అదే వేశాం. నిప్పుల చుట్టూ కూర్చున్నవాళ్ల చేతుల్లో రొట్టెతో పాటు మా పిల్లలు సంగటి ముద్ద కూడా పెట్టారు. నేను చెరపమనలేదు. బొగ్గు రాలకుండా గీతల మీద నల్లదారంతో నేనే కుట్టు వేశాను, దానికి మూడు వారాలు పట్టింది.

మీరు ఈ వారం చేయాల్సింది ఒక్కటే. మీ సంఘంలో ఎవరెవరు ఏం పని చేస్తారో కాగితం మీద రాసుకోండి. వద్దన్న పెద్దల పేర్లు కూడా అందులో రాయండి. వాళ్లలో ఒకరి పనికి సంబంధించిన పాఠం వెతికి, ఆయన ఇంటికే వెళ్లి, "అయ్యా, ఈ పని ఎట్లా చేస్తారో పిల్లలకు చూపిస్తారా" అని అడగండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయొచ్చో కలిసి చూద్దాం.