2021 ఆగస్టులో కేరళలోనే అన్ని కోవిడ్ కేసులెందుకు?

"కేరళ కోవిడ్‌ను బాగా కట్టడి చేసిందంటారు కదా, మరి 2021 ఆగస్టులో దేశం మొత్తమ్మీద వచ్చిన కేసుల్లో సగానికి పైగా అక్కడే ఎందుకు?" అని అడిగారు.

ముందు కట్టడి చేసింది కాబట్టే. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, ఆ జూన్, జూలైల్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రక్తపరీక్షలతో చేసిన నాలుగో సీరో సర్వే చూడండి. రక్తంలో యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడే రక్షక ప్రొటీన్లు) ఉన్నవాళ్లు మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2, తెలంగాణలో 63.1. కేరళలో 44.4 మాత్రమే. అంటే సెకండ్ వేవ్ చాలాచోట్ల జనాన్ని చుట్టబెట్టేసి పోయింది. కేరళలో మాత్రం సగానికి పైగా జనానికి అప్పటికింకా రక్షణే లేదు. అప్పుడు ప్రబలిన డెల్టా రకం వైరస్‌కు మేత అక్కడే మిగిలింది. పైగా అక్కడ టెస్టులు గట్టిగా చేసేవారు, కాబట్టి వచ్చిన కేసు లెక్కలోకి ఎక్కేది.

మరణాల విషయంలో మాత్రం నేను కేరళను వెనకేసుకురాను. పాత మరణాలు వేలకొద్దీ 2021 అక్టోబరు నుంచి గానీ జాబితాకెక్కలేదు.

టీకాల దగ్గర మాత్రం మెచ్చుకోవాల్సిందే. కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు, ఒక్కోటి అర మిల్లీలీటరు. కొంత వృథా పోతుందని సీసాలో కాస్త ఎక్కువే పోస్తారు. అక్కడి నర్సులు ఆ అడుగున మిగిలినదాన్ని జాగ్రత్తగా లాగి పదకొండో మనిషికి వేశారు. అలా 2021 మే మొదటివారానికి అందినవి 73,38,806 డోసులైతే, వేసినవి 74,26,164!